ఉట్నూరు లెట్యూస్, నా పసుపుపచ్చ చీర

ఎక్కడికి వెళ్ళొచ్చినా మా భీమవరంలో అడిగే మొదటి ప్రశ్న "ఏం చూశారు?" అని కాదు, "ఏం పెట్టారు?" అని. కరీంనగర్, ఆదిలాబాద్ వైపు తిరిగొచ్చాక అడిగిన వాళ్ళందరికీ నేను ఒకటే జవాబు చెప్పాను. మొదటి పూట రోగం వండి పెట్టారు, కమ్మగా ఉంది, మారు వడ్డించుకున్నాను.

నమ్మరని తెలుసు కాబట్టి మొదటి నుంచీ చెబుతాను. మా మేడ మీద నాకొక కుండీల తోట ఉంది. టమాటా, గోంగూర అందరూ పెంచుతారు. నేను లెట్యూస్ పెంచుతాను. పెద్ద హోటళ్ళలో బర్గర్ మధ్య నలిగిపోయి కనిపిస్తుందే, ఆ ఆకు. విత్తనం పంపింది మా అన్నయ్య కూతురు హారిక. "అత్తయ్యా, ఇది ఉట్నూరు దగ్గర గూడెంలో తయారైన విత్తనం, మన ఎండలకి కాస్త తట్టుకుంటుంది" అని దీపావళి రోజుల్లో ఒక పొట్లం పంపింది. సగం నేను చల్లుకుని, సగం పక్కింటి లలితకి ఇచ్చాను. ఇచ్చాక కొంచెం బాధపడ్డాను కూడా. ఎందుకంటే ఆకులు అంత అందంగా వచ్చాయి. ముదురాకుపచ్చ మీద లేతాకుపచ్చ మరకలు, పాలరాయి మీద గీతల్లాగా. ఫొటోలు తీసి తెలిసిన వాళ్ళందరికీ పంపాను. అందరూ మెచ్చుకున్నారు. మెచ్చుకోకపోతే మళ్ళీ పంపాను.

హారికది హుజూరాబాదులో ఉద్యోగం. ఊరూరా తిరిగి ఆకుకూరలు పండించే రైతులకి సలహాలు చెబుతుంది. జనవరి చివర్లో ఫోన్ చేసి, "చలి పోకముందే రా, నీ లెట్యూస్ పుట్టింటికి తీసుకెళ్తాను" అంది. పుట్టిల్లు అన్నాక మంచి చీర కట్టుకోవద్దూ? కొత్తగా కొనుక్కున్న పసుపుపచ్చ నేతచీర పెట్టెలో పైనే పెట్టుకుని బయల్దేరాను. ఈ కథలో ఆ చీరకి నాకంటే ఎక్కువ పనుంది.

హుజూరాబాద్

వరంగల్‌లో రైలు దిగి, బస్సెక్కి, మధ్యాహ్నానికి హుజూరాబాద్ చేరాను. హారిక ఒక ఇంటి మేడ మీద గదిలో ఉంటుంది. కింద ఇంటావిడ పేరు భారతమ్మ. వాళ్ళది విత్తనాల వరి పండించే కుటుంబం. అంటే బియ్యం కోసం కాదు, మరుసటి ఏడు వేరే రైతులు నాటుకోవడానికి గింజ తయారుచేస్తారు. ఆ చుట్టుపక్కల చాలామందికి అదే పని.

హారిక ఇంకా పల్లెల్లో ఉంది. భారతమ్మ నన్ను కూర్చోబెట్టి విస్తరి వేసింది. సర్వపిండి, పచ్చిపులుసు, ఆకుపప్పు. సర్వపిండి అంటే బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు, కరివేపాకు కలిపి గిన్నెకి అంటించి కాల్చే రొట్టె. మా వైపు అట్టు ఒకరికి ఒకటి వేస్తారు. ఇక్కడ గిన్నె గిన్నెంతా ఒకటే రొట్టె, తుంచుకుని తినాలి. అడుగు మాడిన ముక్క కోసం పోటీ ఉంటుందట. అతిథిని కాబట్టి నాకు పోటీ లేకుండా దొరికింది.

పప్పు రెండోసారి వడ్డించుకుంటుండగా హారిక వచ్చింది. వచ్చీ రాగానే పైకి వెళ్ళి ఫ్రిజ్ తెరిచి, అంతే వేగంగా కిందికి పరిగెత్తుకొచ్చింది.

"అమ్మా, ఫ్రిజ్‌లో కవర్లలో పెట్టిన ఆకులేవి?"

"పప్పుల ఏసిన బిడ్డా," అంది భారతమ్మ. "ఆకు తెస్తవ్, పెట్టెల పెడ్తవ్, వండుకోవు. గంత మంచి ఆకు కరాబ్ అయితదని ఏసిన. ఏమాయె?"

"అవి రోగం ఆకులమ్మా! చూడ్డానికి తెచ్చుకున్నా!"

భారతమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. నా నోట్లో ముద్ద ఆగిపోయింది. హారిక మా ఇద్దరి మొహాలూ చూసి గుమ్మంలోనే కూలబడి నవ్వడం మొదలుపెట్టింది. మొక్కల వైరస్ మొక్కలకే గానీ మనుషులకి పట్టదని, హాయిగా తినమని చెప్పాక గానీ ముద్ద దిగలేదు. దిగాక మాత్రం ఆగలేదు.

భోజనాలయ్యాక మేము ఏమేం తిన్నామో హారిక చెప్పింది. లెట్యూస్‌కి వైరస్‌లు చాలా ఉన్నాయి. ఆ కవర్లలో మూడు రకాలున్నాయట. ఒకటి ఆకు ఈనెల్ని తాళ్ళలా ఉబ్బిస్తుంది, చలికి తడిసిన మట్టిలోంచి వేళ్ళకి ఎక్కుతుంది. రెండోది ఆకు మీద ఒకవైపు రాగిరంగు మచ్చలు పెట్టి వాడ్చేస్తుంది, దాన్ని టమాటా మళ్ళలోంచి తామర పురుగు మోసుకొస్తుంది. మూడోది మొజాయిక్. అది గింజలో దాక్కుని వస్తుంది, వచ్చాక పేనుబంక దాన్ని మొక్క నుంచి మొక్కకి చేరవేస్తుంది. మూడింటికీ మందు లేదు. పురుగుని చంపొచ్చు గానీ మొక్కలోకి దూరిన రోగాన్ని తీయలేం. మా వైపు మినుము చేలల్లో పల్లాకు తెగులు వస్తే రైతులు తెల్లదోమని ఎందుకు తిడతారో నాకు అప్పుడు అర్థమైంది.

భారతమ్మ మా మాటలు వింటూ ఒత్తులు చేసుకుంటోంది. "మందు లేకుంటే పీకుడే," అంది. "మా వరిల గట్లనే. రకం తప్పిన మొక్కలు మొలుస్తయ్. కేళీలంటం. అవి తియ్యకుంటే ఇత్తనం కల్తీ అయితది. కానీ మా పొలంల కేళీలు మేము తియ్యం."

"మరి ఎవరు తీస్తారు?" అన్నాను.

"పక్క పొలపోల్లు. ఆల్లది మేము తీస్తం. మనం నాటింది మనకు పీకబుద్ధి గాదమ్మా. గిది మంచిగనే ఉన్నది గదా, గది జర లేటుగ ఈనుతది గదా అని మన కన్నే మనకు అబద్ధం జెప్తది. పక్కోల్ల చెయ్యికి గా ఫికర్ లేదు. పట్టి గుంజి పారేస్తది."

నాకు ఈ మాట భలే నచ్చింది. ఒకచోట విన్నది ఇంకోచోట చెబితే గానీ నాకు తిన్నది అరగదు. "అత్తయ్యా, నువ్వు పేనుబంక రకం," అంటుంది హారిక. ఆ రోజు కూడా అంది.

చొప్పదండి

మర్నాడు పసుపుపచ్చ చీర కట్టుకున్నాను. హారిక కంగారుగా ఫోన్లు చేసుకుంటూ నా వైపు చూడనే లేదు. చూసి ఉంటే ఆపేది.

చొప్పదండి దగ్గర రాజిరెడ్డిగారికి తెల్లటి వల పందిరి కింద లెట్యూస్ తోట ఉంది. యాభై దాటిన మనిషి, నెత్తిన తువ్వాల, గొంతు పెద్దది. తాతల నాటి భూములున్న కుటుంబం. వరి, మొక్కజొన్న వదిలి హోటళ్ళ ఆకు వేసినందుకు అన్నదమ్ములంతా నవ్వితే, నిరుడు పంట చూపించి నోళ్ళు మూయించాడట. ఆయన భార్య సరోజన పండక్కి చేసి దాచిన సకినాలు, చాయ్ ఇచ్చింది. పండగ వెళ్ళిపోయినా సకినాలు కరకరలాడుతూనే ఉన్నాయి. మా అరిసెలైతే ఈపాటికి రాయి అయిపోయేవి. ఓడిపోయామని ఒప్పుకున్నాను.

పందిట్లోకి వెళ్ళిన కాసేపటికి నా చీర కొంగు మీద ఏదో పాకుతున్నట్టనిపించింది. చూద్దును కదా, కుచ్చిళ్ళ మీద, జాకెట్టు చేతుల మీద, ఆకుపచ్చగా, నల్లగా, రెక్కలున్న చిన్న చిన్న పురుగులు. పేనుబంక! నేను గెంతడం మొదలుపెట్టాను. రెక్కల పురుగులకి పసుపు రంగంటే పిచ్చట. అందుకే రైతులు జిగురు రాసిన పసుపు అట్టలు తోటల్లో వేలాడదీస్తారు. రాజిరెడ్డిగారు అట్టల వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూశాడు.

"పైసలు వెట్టి గీ అట్టలు కొన్న అమ్మా. మీరొక్కరు జర గంట సేపు నిలవడితే సాలుతుండె," అన్నాడు.

సరోజన నవ్వు ఆపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేనూ నవ్వాను. ఏడిస్తే మాత్రం పురుగులు పోతాయా?

ఆ హడావుడి తగ్గాక మళ్ళ వైపు చూశాను. నాకు ప్రాణం లేచొచ్చింది. అచ్చం మా ఇంట్లో ఆకులే! అవే మరకలు, అదే పాలరాయి! వెంటనే ఫోన్ తీసి ఆయనకి మా కుండీల ఫొటోలు చూపించాను. "చూడండి, మా మేడ మీద కూడా ఇలాగే వచ్చాయి. ఎంత బాగున్నాయో!"

ఆయన ఫొటో చూశాడు. నన్ను చూశాడు. చావింటికి పరామర్శకి వచ్చిన వాళ్ళ గొంతుతో, "మీకు గూడ వచ్చిందా అమ్మా?" అన్నాడు.

హారిక నా చెయ్యి పట్టుకుంది. "అత్తయ్యా, అదే మొజాయిక్."

నా అందమంతా రోగమన్నమాట. ఎంతమందికి ఫొటోలు పంపానో తలుచుకుంటే ఒళ్ళు సిగ్గుతో కుంచించుకుపోయింది. కానీ అక్కడ నా సిగ్గుకి విలువ లేదు. రాజిరెడ్డిగారి మళ్ళల్లో ఆకులు ముడుచుకుపోయి ఉన్నాయి. గుండ్రంగా గుత్తి కట్టాల్సిన మొక్క పళ్ళెంలా పరుచుకుని ఎదగడం మానేసింది. హైదరాబాద్ నుంచి వచ్చిన బండి ఖాళీగా వెనక్కి పోయిందట.

"పురుగు రాకముందే, నారుల్నే మచ్చలొచ్చినయ్," అన్నాడాయన. "అంటే గింజల్నే ఉన్నది. నిరుడు గీ ఉట్నూర్ గింజనే ఏసిన. ఆకు జూస్తే కడుపు నిండేది. ఈ యేడు గిట్ల నిండ ముంచింది." ఆయన హారిక వైపు తిరిగాడు. "మీరు ఆడికే పోతుండ్రు గద. ఎవ్వలింటి గింజనో కనుక్కొని రాండ్రి. పేరు చెప్తే గా ఒక్క ఇంటిది వద్దంట. పేరు దొరకకుంటే ఊరు ఊరే వద్దంట. నేను కొనకుంటే గీ చుట్టుపక్కల ఎవ్వలు కొనరు."

అది బెదిరింపు కాదు. నిజంగానే ఈ ప్రాంతంలో లెట్యూస్ వేసేవాళ్ళంతా ఆయన్ని చూసే వేస్తారు. గూడెం ఆడవాళ్ళు కష్టపడి తెచ్చుకున్న విత్తనం పేరు ఇప్పుడు ఆ ఒక్క ఇంటి పేరు మీద ఆధారపడి ఉంది.

అడవి దారి

ధర్మపురి దాటి, గోదావరి మీద వంతెన దాటి, లక్సెట్టిపేట, జన్నారం మీదుగా కారులో వెళ్ళాం. జన్నారం తర్వాత టేకు అడవి. ఆకులు రాలే కాలం. ఒక్కో టేకాకు విస్తరంత ఉంది, కారు మీద పడితే ఎవరో చెయ్యి వేసినట్టు చప్పుడు. మాది డెల్టా. కనుచూపు మేరా నీళ్ళు, చేపల చెరువులు, కొబ్బరి. చెట్టు ఎక్కడో ఒకచోట ఆగిపోతుంది, ఆకాశం మొదలవుతుంది. ఇక్కడ అడవి ఆగుతుందని చూసి చూసి నా మెడ నొప్పి పుట్టింది. అయినా చూపు తిప్పుకోలేకపోయాను.

ఉట్నూరులో ఇప్పపువ్వు లడ్డూలు కొన్నాను. ఇప్పపువ్వంటే సారాయే అనుకునేదాన్ని. బెల్లం, నువ్వులు కలిసి ఒక రకమైన ఎండు ద్రాక్ష రుచి. కారు ఆ పైన వెళ్ళదు. గూడేనికి జీపులో వెళ్ళాం. నలుగురు కూర్చోవాల్సిన చోట ఎనిమిది మందిమి, ఒక మేకపిల్ల. అది దారంతా నా ఒళ్ళోనే కూర్చుని నా శాలువా అంచు నమిలింది. చలికి నేను తెచ్చుకున్నది ఆ ఒక్క శాలువానే.

గూడెం

సోంబాయి ఇంటి ముందు దిగాం. "రాం రాం బాయీ," అంది ఆమె రెండు చేతులూ జోడించి. గోండు ఇల్లాలు, నలభై పైబడి ఉంటాయి. ఈ ఊరికి లెట్యూస్ తెచ్చింది ఆమే. నాలుగేళ్ళ కింద ఎవరో చారెడు గింజలిస్తే చల్లింది. ఎండ తగలగానే చాలా మొక్కలు చేదెక్కి, పొడుగు సాగి పాడైపోయాయి. చివరిదాకా మెత్తగా నిలబడిన నాలుగింటిని వదిలేసి గింజ కట్టించింది. ఏటా అలా ఏరి ఏరి, ఎండకి ఓర్చే విత్తనం చేసింది. ఇప్పుడు గూడెంలో ప్రతి ఇంటికీ ఒక లెట్యూస్ మడి ఉంది. ఆకు ఉట్నూరు సంతలో పోతుంది, గింజ చొప్పదండి దాకా పోతుంది.

నా శాలువా గతి చూసి సోంబాయి తన ముదురు కుంకుమరంగు చీర ఒకటి తెచ్చి కప్పింది. "నీ పీలీ చీర పెట్టెల్నే ఉండనీ బాయీ. గది జూస్తే మా పురుగులు గూడ పండుగ జేస్తయ్," అంది. నా పరువు నాకంటే ముందే ఫోన్లో గూడెం చేరిందన్నమాట.

జొన్నరొట్టె మీద పచ్చిమిరప, పల్లీల కారం వేసి, దాని మీద లెట్యూస్ ఆకు పరిచి చుట్టి ఇచ్చింది. హోటల్లో ఈ ఆకుకి రుచే ఉండదు, చప్పటి నీళ్ళు. ఇక్కడ జొన్న వేడికి కాస్త వాడి, కారాన్ని చల్లబరుస్తూ, అది ఈ రొట్టె కోసమే పుట్టినట్టుంది. ఇలా తినాలని ఆ బర్గర్ల వాళ్ళకి ఎవరైనా చెప్తే బాగుండును.

తిన్నాక హారిక మళ్ళు చూసింది. నేనూ వెనకే తిరిగాను. గంగుబాయి అనే ఆవిడ మడిలో సగం మొక్కలకి మరకలు. ఒకదాంట్లో పదింటికి ఒకటి. సోంబాయి మడిలో ఇంకా తక్కువ. కానీ మరక లేని మడి లేదు. అప్పటికే ఆకు కోతలు ఆఖరయ్యాయి. ప్రతి మడిలో విత్తనానికి వదిలిన మొక్కలు మోకాలెత్తు సాగుతున్నాయి. వాటిని ఉంచితే వచ్చే ఏటి గింజంతా రోగమే. పీకితే నాలుగేళ్ళ కష్టం మట్టిలో కలుస్తుంది.

మధ్యాహ్నానికి ఆడవాళ్ళంతా ఊరి పెద్ద ఇంటి ముందు చేరారు. ఆయన్ని అందరూ పటేల్ అంటారు. తెల్లటి తలపాగా, మాట నెమ్మది. హారిక విషయమంతా చెప్పి, రాజిరెడ్డిగారు అడిగిందీ చెప్పింది. నిరుడు ఎవరింటి గింజలో రోగం ఉందో తెలిస్తే ఆ ఒక్క ఇంటిది ఆపేస్తే సరిపోతుందని.

పటేల్ చుట్టూ కూర్చున్న ఆడవాళ్ళందర్నీ ఒకసారి చూశాడు. తర్వాత అన్నాడు, "తెల్వదు బిడ్డా. తెలిసే తొవ్వ లేదు."

అప్పుడు తెలిసింది నాకు వాళ్ళ ఆచారం. విత్తే ముందు ప్రతి ఇంటి నుంచీ గుప్పెడు గింజలు తెచ్చి దేవుడి ముందు పోస్తారు. జొన్న జొన్నతో, కంది కందితో, అన్ని ఇళ్ళవీ కలిపేస్తారు. పూజయ్యాక తలా గుప్పెడు పట్టుకెళ్ళి ఇంట్లో ఉన్న విత్తనంలో కలుపుకుంటారు. ఎవరి గింజ బలహీనమైనా ఊరి గింజ దానికి తోడుంటుందని. లెట్యూస్ వచ్చాక దానికీ అదే చేశారు. దేవుడికి ఈ గింజ కొత్త, ఆ గింజ పాత అని ఉండదుగా. అలా నిరుడు ఏదో ఒక ఇంట్లో ఉన్న రోగం, పూజయ్యేసరికి అన్ని ఇళ్ళకీ వెళ్ళింది. పేనుబంక కూడా అంత పంపకం చేయలేదు.

మంచి పనిలోంచే చెడు జరగడం చూస్తే ఎవర్ని తిట్టాలో తెలియదు. మా వైపు పేరంటంలో వాయనం ఇచ్చినా ఎవరు ఏమిచ్చారో గుర్తుపెట్టుకుంటాం. వీళ్ళు గుర్తే లేకుండా కలిపేశారు.

హారిక ఇంకో దారి చెప్పింది. "పోనీ, తక్కువ రోగం ఉన్న మళ్ళల్లో బాగా కనిపించే మొక్కలు ఉంచి చూద్దామా? సోంబాయి మడిలో కొన్ని..."

ఆమె మాట పూర్తి కానివ్వలేదు సోంబాయి. "నా మడిల తక్కువున్నదని నేను ఉంచుకుంట, గంగుబాయి మడిల ఎక్కువున్నదని ఆమె పీకాల్నా? గట్ల జేస్తే రేపు దేవుని ముందటికి గింజలు ఎవ్వలు తెస్తరు? తన గింజ మంచిదనుకున్నోల్లు తేరు, కరాబ్ అనుకున్నోల్లు తేరు." ఆమె చుట్టూ చూసింది. "కలిపినప్పుడు అందరిది. పీకినప్పుడు గూడ అందరిది."

ఎవరూ కాదనలేదు. గంగుబాయి కొంగుతో కళ్ళు తుడుచుకుంది. నాకూ కళ్ళు నిండాయి, దాచుకోలేదు.

పటేల్ హారికని ఒక్కటే అడిగాడు. "ఇగ మల్ల కలుపొద్దా?"

"కలపండి, తాతా," అంది హారిక. "కానీ ముందు ప్రతి ఇంటి గింజలూ కొన్ని విడిగా మొలకెత్తించి చూద్దాం. లేత ఆకుల్లోనే మరక తెలిసిపోతుంది. మంచివి అయితేనే దేవుడి దగ్గరికి."

"మంచి మాట. దేవునికి రోగం వెట్టొద్దు గద," అన్నాడాయన.

పీకడానికి లేచారు. అప్పుడు నేనొక తమాషా చూశాను. ఒక్కొక్కరూ తమ మడిలోకి దిగి, నాలుగు మొక్కలు పీకి, అయిదోదాని దగ్గర ఆగిపోతున్నారు. ఆకు తిప్పి చూస్తారు, పక్కదాన్ని చూస్తారు, ముందుకెళ్తారు. భారతమ్మ చెప్పింది గుర్తొచ్చి నోరు ఊరుకోలేదు. హుజూరాబాద్ వరి రైతులు తమ పొలం తాము ఏరరని, పక్కవాళ్ళతో ఏరిస్తారని గట్టిగా చెప్పేశాను.

సోంబాయి నడుం నిటారుగా చేసి నన్ను చూసింది. "గాళ్ళకు అకల్ ఉన్నది," అని వాళ్ళ తెలివిని మెచ్చుకుంది. గోండిలో ఏదో అరిచింది. క్షణంలో ఆడవాళ్ళంతా మళ్ళు మార్చుకున్నారు. గంగుబాయి పక్కావిడ మడిలోకి, పక్కావిడ ఆ పై మడిలోకి. ఇక చేతులు ఆగలేదు. అందరూ సర్దుకున్నాక సోంబాయి మడి ఒక్కటే మిగిలిపోయింది.

"నువ్వు పీకు బాయీ," అంది ఆమె నాతో. "నీకు మా మొక్క మీద పావురం లేదు గద."

అక్కడ పావురమంటే మమకారం. నాకూ ఉందని చెప్పలేకపోయాను. మడిలోకి దిగాను. లెట్యూస్ కాండం విరిగితే తెల్లటి పాలు కారతాయి. వేళ్ళంతా జిగురై, మట్టి అంటుకుని నల్లబడ్డాయి. చివరి వరసలో ఒక మొక్కకి ఎర్ర దారం కట్టి ఉంది. నడుమెత్తు పెరిగి, కొన మీద పసుపు మొగ్గలతో నిలబడి ఉంది. వచ్చే ఏటికి ముఖ్యమైన గింజ దాన్లోంచే తీయాలని గుర్తు కట్టుకుంది. మరకలు వెతికాను. కింద ఒక్క ఆకు మీద, సన్నగా, ఉండీ లేనట్టుగా ఉంది.

సోంబాయి వైపు చూశాను. ఆమె నాకు వీపు తిప్పి, గుట్ట వైపు మొహం పెట్టి నిలబడింది. దూరంగా ఉన్న హారికతో గట్టిగా మాట్లాడుతోంది. "బిడ్డా, నీ పెండ్లి ఎప్పుడు? పిలగాన్ని జూసిండ్రా? మమ్ముల పిలుస్తవా లేదా?" జవాబు కోసం ఆగకుండా ఒకదాని మీద ఒకటి అడుగుతూనే ఉంది.

నేను దాన్ని రెండు చేతులా పట్టుకుని లాగాను. వేరు తెగిన చప్పుడికి ఆమె గొంతు ఒక్క క్షణం ఆగి, మళ్ళీ మొదలైంది. మొక్కలన్నీ గోతిలో వేసి మన్ను కప్పారు. ఎర్ర దారం మాత్రం విప్పి ఆమె చేతిలో పెట్టాను. ఆమె దాన్ని గాజుకి చుట్టుకుంది.

మళ్ళీ చొప్పదండి

తిరుగు దారిలో రాజిరెడ్డిగారి దగ్గర ఆగాం. ఈసారి నేను బూడిదరంగు చీర కట్టుకున్నాను. ఆయన కుర్చీలు వేయకముందే అడిగాడు. "పేరు దొరికిందా?"

"లేదు," అంది హారిక. అక్కడితో ఆగిపోయింది. ఆ పిల్ల ఎప్పుడూ ఇంతే, తెలిసింది చెప్పడం రాదు. చెప్పే పని నేను తీసుకున్నాను. దేవుడి ముందు గింజలు కలపడం, పేరు అడిగితే పటేల్ చెప్పింది, సోంబాయి తన మడి కూడా ఉంచుకోకపోవడం, మళ్ళు మార్చుకోవడం, ఎర్ర దారం, అన్నీ. చాయ్ చల్లారిపోయింది.

రాజిరెడ్డిగారు నెత్తిన తువ్వాల తీసి భుజాన వేసుకున్నాడు. "అన్ని పీకిండ్రా?" అన్నాడు. "ఒక్కటి గూడ ఉంచలే?"

"ఒక్కటీ ఉంచలేదు."

లేచి లోపలికి వెళ్ళాడు. సరోజనతో ఏదో అంటున్నట్టు వినిపించింది. కాసేపటికి ఆమె మూత బిగించిన చిన్న డబ్బా తెచ్చి హారిక చేతిలో పెట్టింది. బియ్యం డ్రమ్ములో దాచిన డబ్బా, మీద ఇంకా తవుడు అంటుకుని ఉంది.

"నిరుడు ఏసిన గింజల్ల మిగిలినయి," అన్నాడు రాజిరెడ్డిగారు గుమ్మంలోంచి. "గా పంట మంచిగ వచ్చింది, రోగం లేకుండె. గింజ గా సోంబాయిది. ఆమెకే ఇయ్యి. మొలుస్తయో లేదో జూసుకొమ్మను. మొలిస్తే వచ్చే యేడు నాకు ఊరి గింజనే కావాలె. ఒక్కింటిది వద్దు."

నేను పెట్టె తెరిచి పసుపుపచ్చ చీర తీశాను. ఆ డబ్బాతో పాటు దాన్నీ సోంబాయికి ఇవ్వమని హారికకి ఇచ్చాను. పురుగుల్ని ఎలాగూ అది బాగా పిలుస్తుంది. ఇంక పనికొచ్చే చోట ఉంటుంది.

భీమవరం

ఇంటికొచ్చి మూడు వారాలైంది. వచ్చిన రోజే లలితకి రోగం సంగతి, మళ్ళు మార్చుకున్న సంగతి చెప్పాను. ఇద్దరం పీకేద్దామనుకున్నాం. అనుకున్నాం, అంతే. రోజూ పొద్దున్నే నీళ్ళు పోస్తూ ఈ ఒక్కటీ బాగానే ఉంది కదా అని ఆకు తిప్పి చూస్తూనే ఉన్నాను. అటు గోడ అవతల లలిత కూడా ఆకులు తిప్పుతోందని నాకు తెలుసు.

నిన్న హారిక ఒక ఫొటో పంపింది. సోంబాయి ఇంటి ముందు మట్టి నింపిన మూకుళ్ళు, వాటి నిండా వేలెడు మొలకలు. ఒక్క మరక లేదు, అన్నీ ఒకటే ఆకుపచ్చ. చుట్టూ పుల్లలు పాతి, నా చీరని పట్టీలు పట్టీలుగా చించి, ఆముదం రాసి వేలాడదీశారు. పట్టీల నిండా పేనుబంక అంటుకుపోయి ఉంది. పక్కన నిలబడ్డ సోంబాయి చేతి గాజుకి ఎర్ర దారం ఇంకా ఉంది.

ఫొటో లలితకి చూపించాను. వేళ్ళతో పెద్దది చేసి ఆ మొలకల్ని ఒక్కొక్కటే చూసింది. తర్వాత చీర కుచ్చిళ్ళు నడుముకి దోపుకుని, "ముందు మీ మేడ, తర్వాత మా మేడ," అంది.

పైకి వెళ్ళాం. లలిత నా పెద్ద కుండీ ముందు కూర్చుని, అన్నిటికంటే అందమైన మొక్కని మొదలంటా పట్టుకుంది. నేను అటు తిరిగి కొబ్బరిచెట్ల వైపు నిలబడి, వీధి వీధంతా వినిపించేలా అడిగాను.

"లలితా, మీవాడి పెళ్ళెప్పుడు చేస్తున్నావు?"

వాడు ఏడో తరగతి.